అనిరుద్ధుడి పక్కవాడు

సుభద్రమ్మ టీచరు గారిని ప్రశ్న అడగాలనుకునేవాళ్ళు ఆ పూట తమకు వేరే పని లేకుండా చూసుకుని వెళ్ళాలి. ఆవిడ జవాబు నోటితో చెప్పరు. ఏదో ఒక పని చేతిలో పెడతారు. కర్మ సిద్ధాంతం మీద బోలెడు సందేహాలు పట్టుకొచ్చిన ఒక రిటైర్డు తహసీల్దారు గారి ముందు చింతపండు బుట్ట పెట్టి గింజలు తీయమన్నారట. మధ్యాహ్నానికి గింజలన్నీ వచ్చేశాయి. సందేహాలు ఏమయ్యాయో ఆయన చెప్పలేదు. చేతులు కడుక్కుని, చెప్పులేసుకుని వెళ్ళిపోయారు. జవాబు తెలీకే ఆవిడ అలా చేస్తారని అనేవాళ్ళు కాకినాడలో లేకపోలేదు. ఆ అన్నవాళ్ళు కూడా ఇంట్లో పిల్లో పిల్లాడో పుడితే శుక్రవారం పొద్దున్నే వచ్చి ఆవిడ వరండాలో కూర్చుంటారు. ఆడపిల్లల హైస్కూల్లో ఉద్యోగమంతా సంస్కృతం చెప్పిన మనిషి. బిడ్డకు పేరు చెప్పడంలో ఆవిడ హస్తవాసి మంచిదని ఊరి నమ్మకం.

హైమవతి ఆ హైస్కూల్లో ఆవిడ దగ్గర చదువుకున్న పిల్ల. ఇప్పుడు తనే ఒక డిగ్రీ కాలేజీలో సంస్కృతం చెబుతోంది, నలభై దాటి చాలా కాలమైంది, అయినా మంగళవారం సాయంత్రాలు టీచరు గారింటికి వచ్చి కావ్యం చదువుకోవడం మానలేదు. మనిషి చురుకు, నోరు ఇంకా చురుకు. మంత్రం తప్పు పలికితే పెళ్ళిపందిట్లో పురోహితుణ్ణయినా ఆపేయగలదు. ఒకసారి ఆపింది కూడా. ఆ మంగళవారం ఆవిడ పుస్తకం లేకుండా వచ్చింది. గేటు వేసిన చప్పుడుకే టీచరు గారు తలెత్తి చూశారు.

"టీచరు గారూ, ఒకటి అడుగుతాను, పని చెప్పకుండా జవాబు చెప్పండి. వీధికొకడు ఉన్న పేరు, అర్థమేమిటో కన్నవాళ్ళకే తెలియని పేరు, అది పేరా? ఎవరో అరిస్తే గోడ తిరిగి అరిచినట్టు కాదూ?"

టీచరు గారు చేటలో చిక్కుడుకాయలు పోసుకుని ఈనెలు తీస్తున్నారు. "ఏం పేరు?"

"అనిరుద్ధ్."

"మంచి పేరేగా."

"మంచిదే. అదేగా తంటా!" అని హైమవతి కుర్చీ లాక్కుని కూర్చుంది.

సంగతి ఇదీ. హైమవతికి ఒక్కడే తమ్ముడు, శ్రీకర్. ఆవిడకంటే బాగా చిన్నవాడు. పోర్టులో ఉద్యోగం. ఆలస్యంగా పెళ్ళి చేసుకుని ఆలస్యంగానే తండ్రయ్యాడు. కొడుకు పుట్టి పదిహేను రోజులు దాటింది, ఆదివారం బారసాల. వాళ్ళింట్లో ఆనవాయితీ ఏమిటంటే, పేరు ఎంచేది మేనత్త. బిడ్డను ఉయ్యాల్లో వేసి చెవిలో మొదటిసారి ఆ పేరు చెప్పేది కూడా మేనత్తే. తల్లీ తండ్రీ పోయారు కాబట్టి ఆ ఇంటి తరఫున పెద్దదిక్కు కూడా ఆవిడే. మరదలు స్పందనకు అయిదో నెల వచ్చిన దగ్గర్నుంచీ హైమవతి నిఘంటువులు ముందేసుకుని కూర్చుంది. చివరికి దొరికింది: అప్రతిరథ్. ఎదురు నిలిచే రథం లేనివాడు అని అర్థం. విష్ణువుకున్న వేయి పేర్లలో సరిగ్గా అనిరుద్ధుడి పక్కనే ఉంటాడు అప్రతిరథుడు. ఊరంతా వచ్చి అనిరుద్ధుణ్ణి ఎత్తుకుపోతున్నారు, పక్కవాణ్ణి పలకరించిన పాపాన పోలేదు. ఆ పేరు దొరికిన రోజు హైమవతి వంటింట్లో గట్టిగా నాలుగుసార్లు పిలిచి చూసుకుంది. పాలు పొంగిపోయినా లెక్కచేయలేదు.

ఫోన్ చేసి తమ్ముడికి చెప్పింది.

"అక్కా, పేరు ఊరేగింపులా ఉందే" అన్నాడు. "మేం అనిరుద్ధ్ అనుకుంటున్నాం."

"దానర్థం తెలుసా నీకు?"

"తెలీదు."

"తెలీకుండానే అనుకున్నారా? నీ పెళ్ళాం ఫోన్లో చూసుంటుంది. ఈ ఏడాది అందరూ పెట్టుకున్న వంద పేర్లని వస్తుంటాయిగా, అందులో!"

శ్రీకర్ ఏదో అనబోయాడు. హైమవతి అననివ్వలేదు. "ఆ పేరైతే నేను రాను. చెవిలో ఇంకెవరి చేతనైనా చెప్పించుకోండి" అని పెట్టేసింది. తర్వాత అటునుంచి ఫోన్ రాలేదు. ఇటునుంచి వెళ్ళలేదు. మొన్న స్పందన వాళ్ళమ్మగారు బజార్లో ఎదురుపడి, "బిడ్డను ఉయ్యాల్లో మా చెల్లెలు వేస్తుందిలెండి, మీరు శ్రమపడకండి" అని నవ్వుతూ అని వెళ్ళింది. ఆ నవ్వు హైమవతి గుండెల్లో ముల్లులా దిగింది. ఈ చివరి ముక్క మాత్రం ఆవిడ టీచరు గారికి చెప్పేటప్పుడు కిటికీ వైపు చూస్తూ చెప్పింది.

"మరి ఆదివారం వెళ్ళవా?" అన్నారు టీచరు గారు.

"ఎలా వెళ్తానండీ? ఒక తరానికి సంస్కృతం చెప్పినదాన్ని. నా సొంత మేనల్లుడికి బస్టాండులో పిలిస్తే పదిమంది వెనక్కి తిరిగే పేరు నా నోటితో పెట్టాలా?"

టీచరు గారు ఒక ఈనె తీసి పక్కన వేశారు. "శుక్రవారం కాలేజీకి సెలవు పెట్టు. నా గొంతు బాగాలేదు. నా కుర్చీలో నువ్వు కూర్చుని వచ్చినవాళ్ళకి పేర్లు చెప్పు."

గొంతు బ్రహ్మాండంగా ఉంది. అయిదు నిమిషాల క్రితమే కూరల బండివాడితో ఆవిడ మాట్లాడిన మాటలు వీధి చివర మలుపు దాకా వినిపించాయి. హైమవతి నిట్టూర్చింది. పని తగులుకుంది.

"ఆ కుర్చీకి ఒకటే నియమం" అన్నారు టీచరు గారు. "వాళ్ళు చెప్పిన పేరు నువ్వు కాదనేముందు, అదే ఎందుకని అడుగు. తర్వాత నీ ఇష్టం."

శుక్రవారం పొద్దున్న హైమవతి ఇస్త్రీ చీర కట్టుకుని, నిఘంటువు ఒళ్ళో పెట్టుకుని ఆ పేము కుర్చీలో కూర్చుంది. టీచరు గారు లోపల వంటింట్లో చేరారు. మధ్య తలుపు మాత్రం తీసే ఉంచారు.

మొదట ఒక కుర్ర జంట వచ్చింది. ఇద్దరి చేతుల్లోనూ ఫోన్లు. బిడ్డ ఇంటి దగ్గర వాళ్ళమ్మమ్మ ఒళ్ళో ఉన్నాడట. ఎలాంటి పేరు కావాలో వాళ్ళు ముందే మాట్లాడుకుని వచ్చారు. ఎవరూ పెట్టుకోని పేరు కావాలి. అర్థం గొప్పగా ఉండాలి. రెండక్షరాలే ఉండాలి. క్లాసులో ఇంకొకడు ఉండకూడదు. హైమవతికి ప్రాణం లేచొచ్చింది. ఇలాంటివాళ్ళ కోసమే కదా తను బతుకుతున్నది!

"ఋభు" అంది. "దేవతల్లో గొప్ప పనివాళ్ళు. నేర్పుకు మారుపేరు."

భర్త నాలుక మీద ఒకసారి తిప్పి చూసుకున్నాడు. "రుబ్బురోలు గుర్తొస్తోందండి."

"క్రతు. సంకల్పబలం అని అర్థం."

"కత్తిలా ఉందండి. అంటే, మంచి కత్తి కాదు."

హైమవతి పళ్ళబిగువున ఇంకో నాలుగు చెప్పింది. చెప్పిన ప్రతి పేరునూ భార్య ఫోన్లో వెతికింది. ఆఖరిది వెతికి కళ్ళు పెద్దవి చేసింది. "ఈ పేరుతో ఒక్కళ్ళంటే ఒక్కళ్ళు లేరండీ!"

"మీరు అడిగింది అదేగా అమ్మా."

"అదేననుకోండి. కానీ ఎవరూ పెట్టుకోలేదంటే ఏదో కారణం ఉండే ఉంటుంది కదండీ."

భర్త అది చాలా తెలివైన మాటన్నట్టు తలూపాడు. ఇద్దరూ చెవులు కొరుక్కున్నారు. వాళ్ళ ఆఫీసులో ఎవరి కొడుకో ఉన్నాడట, అనిరుద్ధ్ అని, చక్కగా ఉంటాడట. అది ఖాయం చేసుకుంటారట.

"రెండక్షరాలన్నారు!"

"ముద్దుగా అనీ అని పిలుస్తామండి. రెండేగా" అన్నాడతను, లెక్క కుదిరినందుకు సంతోషిస్తూ.

వాళ్ళు గేటు దాటేదాకా హైమవతి నిఘంటువు మీద గోళ్ళతో వాయిస్తూ కూర్చుంది. లోపలినుంచి టీచరు గారి గొంతు వచ్చింది. "అదే ఎందుకని అడిగావా?"

"అడగడానికేముందండీ! ఆఫీసులో ఎవరో పెట్టుకున్నారు, వీళ్ళూ పెట్టుకున్నారు. రేపు ఇంకొకళ్ళు వీళ్ళని చూసి పెట్టుకుంటారు. కనిపిస్తూనే ఉందిగా!"

లోపల గిన్నె చప్పుడైంది.

తర్వాత వచ్చింది ఒక కుటుంబం. నాన్నమ్మ ఒక కుర్చీలో, అమ్మమ్మ ఇంకో కుర్చీలో, మధ్య బల్ల మీద మాట్లాడని తండ్రి. నాన్నమ్మకు పోయిన భర్త పేరు వీరభద్రుడు అని పెట్టాలని. అమ్మమ్మకు బతికున్న భర్త పేరు సత్యనారాయణ అని పెట్టాలని.

"బతికున్నాయన పేరు పెట్టడమేమిటండీ, తొందరేమన్నా ఉందా?" అంది నాన్నమ్మ.

"చూడండమ్మా, చూడండి! ఆ నోటికి భయపడే మా అమ్మాయి ఇవాళ రాలేదు" అంది అమ్మమ్మ హైమవతితో.

హైమవతి తీర్పరి పాత్రకు సరిగ్గా సరిపోయే మనిషి కాదు. అయినా ఓపిక పట్టి రెండు పేర్లూ కలిసేలా ఒకటి అల్లింది. ఏ సగం ముందు రావాలనే దగ్గర అది చెడింది. ఇద్దరికీ అర్థం కావాలనే ఉద్దేశంతో పేరు పెట్టడంలోని పరమార్థం గురించి కొంచెంసేపు చెప్పింది. ఇద్దరూ శ్రద్ధగా విన్నారు, విన్నాక మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టారు. అప్పుడు తండ్రి నోరు తెరిచి, నేల మీది గచ్చుతో అన్నట్టు, "అనిరుద్ధ్ అనుకుంటున్నామండి, నేనూ మా ఆవిడా" అన్నాడు.

హైమవతి ఉలిక్కిపడింది. నాన్నమ్మ ఆలోచించింది. "అది వాళ్ళవైపుది కాదుగా?" అంది.

"మీవైపుదీ కాదుగా?" అంది అమ్మమ్మ.

ఎవరిదీ కాదని తేలాక ఇద్దరూ సుఖంగా లేచారు. ఒకావిడ చెప్పులు ఇంకొకావిడ అందించింది కూడా. హైమవతికి మాత్రం తల మీద ఎవరో నిఘంటువుతో కొట్టినట్టుంది. ఆవిడ లేచి వంటింటి గుమ్మం దాకా వెళ్ళింది.

"టీచరు గారూ, మీరేమన్నా వీళ్ళందరితో ముందే చెప్పి పంపిస్తున్నారా?"

"అతన్ని అడిగావా, అదే ఎందుకని?"

"ఇంట్లో యుద్ధం ఆపుకోవడానికి. ఇంకెందుకు?"

"అడిగావా, అనుకున్నావా?"

హైమవతి వెనక్కి వచ్చేసింది. వరండాలో అప్పటికే ఒకావిడ కూర్చుని ఉంది. ముప్పై అయిదేళ్ళుంటాయి. భుజాన టీచర్లు వేసుకునే పెద్ద సంచీ, చేతుల్లో గుడ్డలో చుట్టిన మూడు నెలల పిల్లాడు. పేరు దుర్గాభవాని అనీ, ఫలానా ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతాననీ, పిల్లాడికి దిష్టి తగులుతుందని అత్తగారు ఇన్నాళ్ళూ పేరు పెట్టనివ్వలేదనీ గబగబా చెప్పింది. పిల్లాడు ఏడుపు లంకించుకున్నాడు. చిన్న ఏడుపు కాదు. పక్కింటి మేడ మీద బట్టలారేసే అమ్మాయి తొంగిచూసేంత ఏడుపు.

"పేరు అనుకునే వచ్చానండి" అంది దుర్గాభవాని ఆ ఏడుపు మీద నుంచి అరుస్తూ. "మంచి తిథి చూసి ఎప్పుడు పెట్టమంటారో చెబితే చాలు. అనిరుద్ధ్."

హైమవతికి అక్కడ ఓపిక తెగిపోయింది.

"ఏమ్మా, ఇంకో పేరు లేదా ప్రపంచంలో? పొద్దున్నుంచీ నువ్వు మూడోదానివి! దాని అర్థం తెలుసా నీకు? కనీసం అర్థం?"

"తెలీదండి."

"లెక్కల టీచరువి. నలుగురికి చెప్పేదానివి. అర్థం తెలీకుండా కన్నకొడుక్కి అంటగడుతున్నావా? మరెందుకు? ఆ పేరే ఎందుకు?"

అది నియమం ప్రకారం అడిగిన ప్రశ్న కాదు. కోపంలో జారిన ప్రశ్న. కానీ దుర్గాభవాని దాన్ని ప్రశ్నగానే తీసుకుంది. పిల్లాణ్ణి ఈ భుజం మీదనుంచి ఆ భుజం మీదకు మార్చుకుంది.

"నాకు ముందు రెండుసార్లు నిలవలేదండి. రెండోసారీ నిలవలేదని తెలిసిన రోజు నేను ఆస్పత్రి వరండాలో కూర్చుని ఉన్నాను. మా ఆయన మందులకి వెళ్ళారు. పక్క బెంచీ మీద ఒకావిడ, ఆవిడకో నాలుగేళ్ళ పిల్లాడు. వాడు మనిషి కాదండి. ఒకచోట నిలవడు. బల్లల కింద దూరాడు, నర్సుల ట్రే లాగాడు, ముసలాయన కర్ర ఎత్తుకుని పరిగెత్తాడు. ఆవిడ అరుస్తూనే ఉంది. ఒరే అనిరుద్ధ్ ఆగరా, అనిరుద్ధ్ చంపేస్తా, అనిరుద్ధ్ నీ కాళ్ళు విరగ్గొడతా. అరిచి అరిచి ఆవిడ గొంతు బొంగురుపోయింది. నా వైపు తిరిగి, ఈ వెధవతో ప్రాణం విసిగిపోయిందండి అంది."

పిల్లాడు ఊపిరి తీసుకోవడానికి ఒక్క క్షణం ఆగి మళ్ళీ అందుకున్నాడు.

"నాకు ఏడుపు రాలేదండి. అసూయ వచ్చింది. దేవుడా, నాకూ ఒకడి మీద అంత విసుగు పుట్టాలి అనుకున్నాను. పుడితే ఆ పేరుతోనే అరుస్తాను అనుకున్నాను. ఇంకో పేరుతో ఎలా అరవాలో నాకు తెలీదు కూడానండి."

హైమవతి నిఘంటువు మూసింది. అది తెరిచే ఉందని అప్పుడే గమనించింది.

"ఇంతకీ అర్థం ఏమిటండీ?" అంది దుర్గాభవాని. "మీరు అడిగారు కాబట్టి, రేపు ఇంకెవరన్నా అడిగితే చెప్పాలిగా."

"ఎవరూ ఆపలేనివాడు" అంది హైమవతి. మామూలుగా అయితే దీని తర్వాత ఆవిడ ధాతువు చెబుతుంది. చెప్పలేదు.

దుర్గాభవాని నోరు తెరిచి నవ్వింది. "కరెక్టేనండి! ఆవిడ ఎంత అరిచినా ఆగలేదు వాడు." తర్వాత భుజాన ఉన్నవాణ్ణి చూసి ముఖం చిట్లించింది. "వీడూ ఆగేట్టు లేడు. ఒరేయ్, చాల్లేరా. అనిరుద్ధ్. ఒరే అనిరుద్ధ్! పొద్దున్నుంచీ ప్రాణం తోడేస్తున్నావు కదరా."

తిట్టింది నిజంగానే. రాత్రంతా నిద్రలేని మనిషి తిట్టే తిట్టే. కానీ ఆ పేరు వచ్చినచోట ఆవిడ దాన్ని ఇష్టమైన పచ్చడి ముద్దలా ఒక్క క్షణం నాలుక మీద ఆపుకుంది. హైమవతి పంచాంగం తీసి, తిథి చూసి, వచ్చే గురువారం పెట్టుకోమని చెప్పింది. వేరే పేరేదీ చెప్పలేదు. ఆవిడ వెళ్ళేటప్పుడు గేటు తనే తీసి పట్టుకుంది.

తిరిగి వచ్చేసరికి టీచరు గారు వరండాలో నిలబడి ఉన్నారు, చేతిలో చిక్కుడుకాయల చేట.

"ఇంకో ఇద్దరు వస్తామన్నారు, వాళ్ళని నేను చూసుకుంటాను" అన్నారు. "నా గొంతు నయమైంది. నువ్వు కూర్చుని మీ మరదలికి ఫోన్ చెయ్యి."

"ఏమని చెయ్యను?"

టీచరు గారు ఈనెలు తీయడం మొదలుపెట్టారు. ఆవిడ ఇక మాట్లాడరని హైమవతికి తెలుసు. చాలాసేపు ఫోన్ చేతిలో తిప్పింది. ఆడపడుచు హోదాకు, అక్క హోదాకు, సంస్కృతం లెక్చరరు హోదాకు ఏ ముక్కతో మొదలుపెడితే తక్కువ దెబ్బ తగులుతుందో ఆలోచించింది. చివరికి విసుగొచ్చి ఏమీ ఆలోచించకుండానే చేసింది. చేతులకు చెమట పట్టి ఫోన్ చెవి దగ్గర జారుతుంటే స్పీకరు పెట్టి బల్ల మీద పెట్టింది.

"స్పందనా, నేను. ఒక్క మాట. ఆ పేరు ఎందుకు అనుకున్నావు? దెబ్బలాడటానికి కాదు, తెలుసుకుందామని."

స్పందన మెల్లగా, "నన్నడుగుతారేమిటి వదినా? నాకు అయాంశ్ ఇష్టం. మా అమ్మకి కార్తీక్ ఇష్టం. అనిరుద్ధ్ మీ తమ్ముడిది. ఇంకే పేరూ వినిపించుకోరు. మీరు నన్ను అన్నారని ఈయన మీతో మాట్లాడటం మానేశారు, నేను మాట్లాడమంటే నా మీద కేకలు" అంది. అంటూనే ఫోన్ తీసుకెళ్ళి ఎవరి చేతిలోనో పెట్టింది. "మీ అక్క. ఏదో అడుగుతున్నారు. సరిగ్గా చెప్పండి."

"ఊఁ" అన్నాడు శ్రీకర్.

"ఏరా, ఆ పేరు నీకెక్కడిది?"

"నీదే."

"నాదేమిటి?"

"నువ్వే చదివేదానివిగా రోజూ, వెయ్యి పేర్లు. మీ టీచరు గారు కంఠతా పట్టమన్నారని. అమ్మ పొద్దున్నే బస్సుకి వెళ్ళిపోయేది. నువ్వు అవి చదువుతూ నాకు నీళ్ళు పోసేదానివి, అన్నం పెట్టేదానివి, తల దువ్వేదానివి. సరిగ్గా అనిరుద్ధో అనే దగ్గరికి వచ్చేసరికి కింద స్కూలు రిక్షా బెల్లు మోగేది. నేను సగం పాపిడితో పరిగెత్తేవాణ్ణి. నువ్వు దువ్వెన పుచ్చుకుని, ఒరే ఆగరా వెధవా, ఆగకపోయావంటే చూడు అని మెట్లన్నీ దిగి వచ్చేదానివి. రోజూ అంతే. నాకు ఆ వెయ్యిలో గుర్తున్నది ఆ ఒక్కటే అక్కా. దాని తర్వాత ఏముందో నేనెప్పుడూ వినలేదు. నువ్వు అప్రతిరథ్ అన్నావే, పక్కనే ఇంకొకడున్నాడని నాకు మొన్న నువ్వు చెప్పేదాకా తెలీదు."

టీచరు గారి చేతిలో చిక్కుడుకాయ టప్పున విరిగింది.

"ఈ ముక్క ఆ రోజే చెప్పి ఏడవచ్చుగా!" అని హైమవతి బల్ల మీది ఫోన్ మీద అరిచింది. మేడ మీది అమ్మాయి మళ్ళీ తొంగిచూసింది.

"నువ్వు అర్థం తెలుసా అని అడిగావు. తెలీదన్నాను. ఇంకేం అడిగావు నువ్వు? ఫోన్ పెట్టేశావు."

"పెట్టేస్తే మళ్ళీ చెయ్యకూడదా? గాడిదలా ఇంత వయసొచ్చింది, బిడ్డ తండ్రివయ్యావు, నీకు ప్రతీదీ నేను..." అని, మధ్యలో మాట మింగి, కొంగుతో ముక్కు తుడుచుకుని, "ఆదివారం ఎన్నింటికి?" అంది.

"తొమ్మిదిన్నరకి ముహూర్తం. స్పందన వాళ్ళ పిన్నిగారు వేస్తారని వాళ్ళమ్మ..."

"వాళ్ళ పిన్ని ఉయ్యాల మీద చెయ్యి వేసిందంటే విరగ్గొడతాను. ఎనిమిదింటికే వస్తాను. స్పందనకివ్వు. ఆ అమ్మాయికి ఒక మాట చెప్పాలి."

మరదలితో ఆవిడ చెప్పింది ఒకటే మాట, కొంచెం మెల్లగా చెప్పింది. స్పందన "సరే వదినా, పర్లేదు వదినా" అంది, తర్వాత వచ్చేటప్పుడు గంధం తెమ్మంది. ఫోన్ పెట్టేశాక హైమవతి ఆ పేము కుర్చీలో కాసేపు ఊరికే కూర్చుంది. ఓడిపోయినట్టు ఉంది, పైగా ఎవరి చేతిలో ఓడిపోయిందో తేలడం లేదు. అది ఆవిడ సహించగలిగిన సంగతి కాదు. లేచి, చెప్పులేసుకుని, మెట్ల దగ్గర ఆగి వెనక్కి తిరిగింది.

"అయినా టీచరు గారూ, నేనన్నది అబద్ధం కాదు. ఈ ఒక్క పొద్దుటికే ఈ వరండాలోనుంచి ముగ్గురు అనిరుద్ధులు వెళ్ళారు. ఆదివారంతో మావాడు కూడా. రేపు బళ్ళో పంతులు ఆ పేరు పిలిస్తే అర డజను మంది లేచి నిలబడతారు. అప్పుడేం చెయ్యాలి?"

టీచరు గారు చేట దులిపి, ఈనెలన్నీ ఒకవైపు పోగుచేశారు.

"నిలబడనీ" అన్నారు. "దువ్వెన పుచ్చుకుని నువ్వు మెట్లు దిగేది ఒకడి వెనకాలేగా."